లయ తప్పిన మూడో చరణం

క్లైవ్ తడిసిన కోటైనా విప్పకుండా నేరుగా రికార్డింగ్ స్టూడియోలోకి వచ్చి గ్లెనిస్ ముందు నిలబడ్డాడు.

"నా డ్రమ్స్ ఎవరు చెరిపారు?"

ఆమె సింథసైజర్ మీటల మీంచి తలెత్తలేదు. "నేనే."

అక్క పెళ్లికని అతను డాన్‌కాస్టర్ వెళ్లింది రెండు రోజులు. ఈలోగా వాళ్ల న్యూ వేవ్ బ్యాండ్ తొలి ఆల్బంలో, ఆఖరి పాటలోంచి అతను మాయమైపోయాడు. అతను వాయించిన చోట డ్రమ్ మెషీన్ టకటకలాడుతోంది. టేపు మీద కొత్తది ఎక్కిస్తే పాతది ఇక దొరకదు. తెలిసే చేసింది.

ఆ ఏడాది షెఫీల్డ్‌లో మనుషుల్ని పనిలోంచి తీసి ఇంటికి పంపడం వింతేమీ కాదు. అతని తండ్రిని ఉక్కు కర్మాగారం అలాగే పంపింది. క్షమించడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు.

అయినా కర్మాగారం మీద క్లైవ్‌కి ఎప్పుడూ ఆశ లేదు. గ్లెనిస్ మీద ఉంది. వాన పడ్డ ప్రతి సాయంత్రం ఒకే గొడుగు కింద బస్టాప్ దాకా నడిచారు. అతని చిప్స్ పొట్లంలోంచి అడక్కుండా తీసుకు తినేది, పైగా వెనిగర్ ఎక్కువైందని వంక పెట్టేది. అంతకు మించి ఇద్దరూ ఏమీ అనుకోలేదు. అనుకోకపోవడమే మంచిదైందనిపించింది ఇప్పుడు.

ఆ డ్రమ్ పెట్టెకి టీ కూడా పోస్తున్నావా అని అడిగాడు. అది నీలా అరవదులే అంది. అతను డ్రమ్స్ మీది ఇత్తడి పళ్లేలు, సింబల్స్ విప్పి, సంచిలో పడేసి, మెట్లు దిగాడు.

గ్లెనిస్ పరుగున అతన్ని దాటి వెళ్లి వీధి గుమ్మం దగ్గర అడ్డం నిలబడింది. బయట వాన దంచుతోంది.

"నీ టేపు బార్కర్ నాకు వినిపించాడు. మూడో చరణంలో నువ్వు మందగిస్తున్నావు. రికార్డు కంపెనీ వాళ్లు వింటే అన్ని పాటల్లోంచీ నిన్ను తీసేయమంటారన్నాడు. అందుకే ఆ ఒక్కటీ చెరిపాను."

బార్కర్ లండన్ నుంచి వచ్చిన ప్రొడ్యూసర్. అతని చెవులకు తిరుగులేదు.

"నేను మందగించను," అన్నాడు క్లైవ్.

"మందగిస్తావు. అక్కడ నా చెయ్యి దానంతటదే వాయిస్తుంది. తలెత్తి నిన్ను చూస్తాను. చూసిన ప్రతిసారీ మందగిస్తావు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. కోపం మాత్రం తగ్గలేదు.

"ఫోన్ చేసి చెప్పాల్సింది."

"పెళ్లి విందులోంచి పిలిపించి, నేను చూస్తే నీ చేతులు ఆగిపోతున్నాయని చెప్పాలా?"

"చెప్పాలి. నాకు తెలియకుండా నన్ను కాపాడమని నిన్నెవరడిగారు?"

"ఎవరూ అడగలేదు. తప్పే. మరి నోటితో చెప్పాల్సిన మాట డ్రమ్స్ చేత చెప్పించావే, అది పిరికితనం కాదా?"

క్లైవ్ సంచీ భుజానేసుకుని మళ్లీ మెట్లెక్కాడు.

సింబల్స్ తిరిగి బిగించాడు. మెషీన్ ఆపి పాట మొత్తం మళ్లీ రికార్డు చేయమని బార్కర్‌ని అడిగాడు. బార్కర్ సణిగి సణిగి, ఒక్కసారే అన్నాడు. మూడో చరణంలో గోడ వైపు తిరగమని క్లైవ్ గ్లెనిస్‌తో అన్నాడు. తిరగనంది.

తిరగలేదు. ఆ చరణం రాగానే సూటిగా చూసింది. అతను పళ్లు బిగించి, చూపు తిప్పుకోకుండా వాయించాడు.

అద్దం అవతల నుంచి బార్కర్ గొంతు విసుగ్గా వినిపించింది. "మళ్లీ మందగించింది."

"ఈసారి నేనూ మందగించాను. కావాలంటే వినండి," అంది గ్లెనిస్.

బార్కర్ టేపు వెనక్కి తిప్పి విన్నాడు. పాట నెమ్మదించింది, కానీ ఇద్దరిలో ఎవరూ ఎవరినీ దాటిపోలేదు. ఇదే ఉంచుదాం అన్నాడు.

క్లైవ్ కర్రలు కింద పెట్టాడు. "నువ్వు చెరిపిన సంగతి నేను మర్చిపోను."

"మర్చిపోవద్దు," అంది గ్లెనిస్ అతని పక్కన బల్ల మీద చోటు చేసుకుని కూర్చుంటూ. "బతికినన్నాళ్లూ తిట్టు. వినడానికి ఇక్కడే ఉంటాను."