ఎడమచేతి అమితాభుడు

నేను క్యోటో నుంచి నారా ఊరికి పనికొచ్చిన వారానికే, మా శిల్పి కూతురు చిగుసా నన్ను నవ్వులపాలు చేసింది.

నేను చెక్కిన అచ్చుచెక్కకి సిరా పూసి, కాగితం పరిచి, రుద్ది, మెల్లగా లేపింది. పది చిన్న అమితాభ బుద్ధులు వరసగా నిలబడ్డారు.

"గెంజో గారూ, మీ బుద్ధుడిది ఎడమచేతి వాటమా?"

చూశాను. అభయమివ్వాల్సిన కుడిచెయ్యి కిందికి వేలాడుతోంది. ఎడమది పైకి లేచింది.

"బొమ్మ కాగితాన్ని చెక్కమీద బోర్లా అంటించాలని మా పిల్లిక్కూడా తెలుసు. మీరు వెల్లకిలా అంటించారు. అప్పుడు కళ్లెక్కడున్నాయండీ?"

ఎదురుగా కాగితాలు కత్తిరిస్తున్న ఆమె మీదే ఉన్నాయి. ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు.

వాళ్ల నాన్న రోకురో చెక్కిన పెద్ద కొయ్య విగ్రహం లోపల బోలు, వీపు ఇంకా తెరిచే ఉంది. వెయ్యిమంది అచ్చు బుద్ధులు, కాగితాల వెనక పేర్లు రాసుకున్న భక్తుల ప్రార్థనలతో సహా, అందులోకి చేరాలి. పదిరోజుల్లో మూసేస్తారు. మూశాక నేను క్యోటో వెళ్లిపోవాలి. ఈలోగా ఆమెకి నా మనసులో మాట చెప్పాలి. దానికంటే కొత్త చెక్క చెక్కడమే సులువనిపించి, ముందు అదే చేశాను.

వాన పట్టుకుంది. ఇద్దరం కుంపటి దగ్గర కాగితాలు ఆరబెట్టేవాళ్లం.

"క్యోటో అమ్మాయిలు చాలా అందంగా ఉంటారటగా?"

"ఏమో, చూడలేదు."

"అక్కడా కళ్లు పనిచెయ్యలేదా?" అని నవ్వింది. నేను ఆరిన కాగితాన్నే మళ్లీ తిరగేశాను.

పదోరోజు కాగితాలన్నీ విగ్రహం లోపలికి చేరాయి. విగ్రహం వీపుని మూసే పలకని రోకురో ఎత్తాడు. నేను దిగులుగా ఉలులు మూట కట్టుకున్నాను.

చిగుసా వచ్చి, అంగీ చేతి మడతలోంచి ఒక కాగితం తీసింది. ఆ ఎడమచేతి బుద్ధులే! ఎప్పుడో పొయ్యిలో వేసిందనుకున్నాను. వెనక ఆమె రాతలో రెండు పేర్లున్నాయి: గెంజో, చిగుసా.

"పేర్లు రాశాక లోపల పెట్టాలి కదా?" అన్నాను.

"తప్పు బొమ్మని లోపల పెట్టనివ్వరు, పిచ్చి మొద్దూ! ఇంట్లో పెట్టుకోవాలి."

"ఎవరింట్లో?"

"ఆరోజు నీ కళ్లెక్కడున్నాయో చెప్పు, చెప్తాను."

చెప్పేశాను. ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి.

"ఇద్దరూ వచ్చి ఈ పలక పట్టండి," విగ్రహం వెనకనుంచి రోకురో కేకేశాడు. "మీ బొమ్మకి గోడమీద మేకు రేపు కొడతాను."

పరుగెత్తాను. వెనక్కి చూస్తే, చిగుసా నా ఉలుల మూట విప్పేస్తోంది.