మీట మీద చెయ్యి

తెల్లవారుజాము నాలుగున్నర!

ఆకాశం నిండా కారుమేఘాలు... ఉరుము ఉరిమినప్పుడల్లా జైలు గోడలు అదిరిపడుతున్నాయి. కాపలా బురుజు మీద కూర్చున్న గుడ్లగూబ కదలడం లేదు, అరవడం లేదు. ఉరికొట్టు వైపే రెప్పవేయకుండా చూస్తోంది! ఐదు గంటలకు అక్కడ ఒక నరరూప రాక్షసుడి ఊపిరి ఆగాలి. ఆపవలసిన తలారేమో మీట పక్కన నిలబడి చలిజ్వరం వచ్చినవాడిలా వణుకుతున్నాడు.

అతను కొత్తవాడేం కాదు. ఇరవై ఏళ్ళలో పదకొండు మందిని పైకి పంపినవాడు. ప్రతివాడి చెవిలోనూ ఒకే మాట చెప్పేవాడు. "నన్ను తిట్టుకోకు నాయనా. ఇది చేస్తున్నది నేను కాదు, చట్టం." ఆ మాట చెప్పి ఇంటికెళ్ళి, వేణ్ణీళ్ళు పోసుకుని, గుర్రుపెట్టి నిద్రపోయేవాడు.

నిన్న సాయంత్రంతో ఆ నిద్రకు నీళ్ళొదులుకున్నాడు.

ఉరికి ముందురోజు తాడు బలం చూడటానికి, దోషికి ఒకటిన్నర రెట్లు బరువున్న ఇసుక బస్తాను వేలాడదీయడం ఆ జైలు ఆనవాయితీ. తలారి బస్తా మెడకు ముడి బిగించి మీట లాగాడు. చెక్క తలుపులు ధడేలుమని కిందికి తెరుచుకున్నాయి. సరిగ్గా ఆ క్షణాన... మూడు వీధుల అవతల, పరీక్షకు చదువుకుంటున్న అతని పదహారేళ్ళ కూతురు కుర్చీలోంచి ఎగిరిపడింది! కళ్ళు తేలేసింది... నాలుక వెళ్ళబెట్టింది... మెడ చుట్టూ ఎర్రగా, తాడు పేటల ముద్రలతో సహా, ఒక వాత తేలింది! భార్య ఫోన్లో గుండెలు బాదుకుంటే తలారి ఉన్నపళంగా పరుగెత్తాడు. కూతురి నోట్లోంచి వచ్చింది కూతురి గొంతు కాదు. పాతాళం అడుగునుంచి వస్తున్నట్టున్న మగగొంతు!

"బస్తాకే ఇంతయితే... రేపు నన్ను వేలాడదీస్తే ఏమవుతుందిరా తలారీ? నా ప్రాణం తీసే చెయ్యి ఎవరిదో, వాళ్ళ బిడ్డ మెడ విరుగుతుంది! హ్హహ్హహ్హ!"

ఆ గొంతు తలారికి తెలుసు. ఆ గొంతున్న మెడకు కొలత తీసుకుని మూడు రోజులే అయింది.

మాంత్రికుడు! అష్టసిద్ధుల కోసం ఏడేళ్ళ పసిదాన్ని బలిచ్చిన కర్కోటకుడు! జైలుగదిలో పుర్రె దొరకక, వేలు కొరుక్కుని, ఆ నెత్తుటితో గోడమీద పుర్రె గీసుకుని, మూడు అమావాస్యలు దాని ముందు జపం చేశాడు. కాపలావాళ్ళు పిచ్చి ముదిరిందనుకుని నవ్వుకున్నారు. ఇప్పుడు వాడే సంకెళ్ళతో ఉరిచెక్క మీద నిలబడ్డాడు. మెడలో ఉచ్చు... ముసుగు వద్దన్నాడు. తలారి కళ్ళలోకి సూటిగా చూస్తూ నవ్వుతున్నాడు!

తలారి మీట దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు.

"నా వల్ల కాదు సార్," అన్నాడు సూపరింటెండెంటుతో. "వాడి శాపం సంగతి రాత్రే చెప్పాను కదా... నా పిల్ల పోతుంది."

"మతి పోయిందా? లాగేది నువ్వు కాదయ్యా, చట్టం. నువ్వు నిమిత్తమాత్రుడివి."

"అయితే చట్టానికి నా చేతులే కావాలా సార్? మీకూ ఉన్నాయిగా. మీరు లాగండి."

సూపరింటెండెంటుకు ఇద్దరు కొడుకులు. ఆయన మేజిస్ట్రేటు వైపు చూశాడు. మేజిస్ట్రేటుకు లేకలేక పుట్టిన పాప ఉంది. ఆయన గడియారం వైపు చూశాడు. నాడి చూడవలసిన డాక్టరుకు ఉన్నట్టుండి స్టెతస్కోపు సర్దుకోవలసిన పని పడింది. చేతబడులూ గీతబడులూ ఒట్టి బూటకమని నిన్నటిదాకా ఉపన్యాసాలిచ్చినవాళ్ళే ముగ్గురూ! ఒక్కరి చెయ్యీ ముందుకు రాలేదు.

"చూశావా తలారీ!" మాంత్రికుడి అట్టహాసానికి పైకప్పు రేకులు గలగలలాడాయి. "ఒకదాన్ని చంపి, దేవత అడిగిందన్నాను నేను. పదకొండుమందిని చంపి, చట్టం అడిగిందన్నావు నువ్వు. నాకు ముహూర్తం ఉంది, మంత్రం ఉంది. నీకూ ముహూర్తం ఉంది, చదివి వినిపించే కాగితం ఉంది. ఒకే తానులో ముక్కలంరా మనం!"

వాడన్నదాంట్లో అబద్ధమెక్కడుందో తలారి వెతికాడు. దొరకలేదు. ఐదింటికి ఇంకా మూడు నిమిషాలు! ఐదు దాటితే ఈ వారెంటు చెల్లదు. వాడు బతుకుతాడు... మళ్ళీ మూడు అమావాస్యలు దొరుకుతాయి వాడికి!

"నేను లాగుతాను."

సాక్షుల బెంచీ మీంచి ఒకామె లేచింది. బట్టలు కుట్టుకుని బతికే మనిషి. బలైపోయిన పసిదాని తల్లి. ఆమెకు చూడటానికి మాత్రమే అనుమతి ఇచ్చారు.

"రూల్సు ఒప్పుకోవమ్మా," గొణిగాడు మేజిస్ట్రేటు.

"ఒప్పుకునే చెయ్యి మీలో ఎవరికైనా ఉంటే చెప్పండి సార్, కూర్చుంటాను."

ఆమె మెట్లెక్కి వచ్చి మీట పట్టుకుంది.

"రా... రా! వాడి బిడ్డకు బదులు నీ బిడ్డ మెడ..." మాంత్రికుడి మాట సగంలో ఆగిపోయింది.

"ఏ బిడ్డరా?" అంది ఆమె. "నాకున్నది ఒక్కతే. దాన్ని నువ్వే మింగావు."

మాంత్రికుడి ముఖంలో నెత్తురు చుక్క లేదు! సంకెళ్ళు తెంచుకోబోయాడు. "వద్దు! దీన్ని ఆపండి! సార్... ఇది చట్టం కాదు! చట్టం ఒప్పుకోదు!"

ఫెళఫెళమని పిడుగు! ధడేలుమని తలుపులు! దెబ్బతీయడానికి బిడ్డ దొరకని ప్రయోగం గిర్రున వెనక్కి తిరిగి, పంపినవాడి మీదే పడింది. గోతిలోంచి నల్లటి మంట ఒక్కసారి భగ్గుమని లేచింది... ఆర్తనాదం... ఆపైన నిశ్శబ్దం. డాక్టరు కిందికి దిగి చూస్తే నాడి చూడటానికి చెయ్యి లేదు. గుప్పెడు మసి ఉంది.

తలారి జేబులో ఫోను మోగింది.

"నాన్నా... ఆకలేస్తోంది. ఎప్పుడొస్తావు?"

కూతురి గొంతే! తలారి మోకాళ్ళ మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. తలెత్తితే ఆ తల్లి ఫోను వైపే చూస్తోంది. మీట ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉంది. అంత సంతోషంలోనూ అతనికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

సూపరింటెండెంటు రిజిస్టరు తెచ్చి, గబగబా రాయబోయాడు. "శిక్ష అమలు చేసినది... చట్టం అని రాస్తే సరి. నీ పేరు బయటికి రాదమ్మా."

"చంపింది నేను," అంది ఆమె. "నా పేరే రాయండి."

కలం ఆగిపోయింది. తలారి లేచి, కళ్ళు తుడుచుకుని, ఆ రిజిస్టరు మీద చెయ్యి వేశాడు.

"వెనక పేజీలు కూడా తియ్యండి సార్. ఆ పదకొండు చోట్ల నా పేరు రాయాలి."