మోటారు ఎవరు ఆపారు

కాన్‌బెర్రా హారిసన్‌లో స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇల్లు కొనొద్దని అందరూ చెప్పారు. విన్నానా? మూడు నెలలు ఈత, తొమ్మిది నెలలు చాకిరీ! ఇక్కడి చలికి పైపుల్లో నీళ్ళు కదలకుండా ఉంటే గడ్డకట్టి పంపు పగిలిపోతుంది. కిందటేడు తెలియక ఒకటి పగలగొట్టుకున్నాను. అందుకే ఈసారి పైపులకి పాత దుప్పట్లు చుట్టి, రాత్రంతా మోటారు నడిచేలా స్విచ్ వేసి, దాన్ని ముట్టుకోవద్దని ఇంట్లో చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

అయినా రోజూ తెల్లారేసరికి మోటారు ఆగి ఉండేది.

ఇంకెవరు, మా అత్తగారే అనుకున్నాను. శ్యామసుందరి గారిది కాకినాడ. అక్కడ ట్యాంకు నిండగానే మోటారు కట్టెయ్యకపోతే ఆవిడకి కాలూ చెయ్యీ ఆడదు. ఇది ట్యాంకు నింపే మోటారు కాదు మహాప్రభో అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో!

"నేను ఆపలేదు బాబూ. అసలు సంగతేంటంటే..." అనేవారు.

ఆ సంగతి వినే ఓపిక నాకు లేదు. శనివారం ఒళ్ళు మండి అరిచేశాను. ఆవిడ మర్నాడే సిడ్నీలో, బ్లాక్‌టౌన్‌లో ఉన్న కొడుకు సాకేత్ దగ్గరికి వెళ్ళిపోయారు. దింపడానికి వెళ్ళిన మా ఆవిడ అపూర్వ కూడా నా మొహం చూడకుండా కారెక్కి, అక్కడే ఉండిపోయింది.

సోమవారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటి పడింది. వెనక గడ్డి అప్పుడే మంచుతో తెల్లబడుతోంది. గాలిలో క్లోరిన్ వాసన, తడిసిన ఉన్ని వాసన. మోటారు రొద చేస్తూ నడుస్తోంది. ఇప్పుడెవరు ఆపుతారో చూస్తాననుకుంటూ స్టవ్ మీద టీ పెట్టాను.

రొద ఆగిపోయింది.

స్టవ్ కట్టేసి బయటికి వెళ్ళాను. స్విచ్ ఆఫ్‌లో ఉంది. తడిగా ఉంది. మళ్ళీ వేశాను. నాలుగడుగులు వెయ్యలేదు... టక్. ఆగింది. తిరిగి చూశాను. ఎవరూ లేరు. కంచె తలుపు వేసే ఉంది. మళ్ళీ వేశాను, చెయ్యి తీశానో లేదో... టక్. నా కళ్ళ ముందే.

లోపలికి పరిగెత్తి, హాల్లోంచి ఫోన్ చేశాను.

"అత్తయ్యగారూ... మోటారు..."

"మళ్ళీ ఆపేశాడా?" అన్నారావిడ మెల్లగా.

"ఎవరు?"

"మీ పక్కింటి ముసలాయన బాబూ. చెప్పనిచ్చారా మీరు? రాత్రంతా ఆయన ఆపడం, నేను లేచి వెయ్యడం. లేకపోతే మీ పంపు ఎప్పుడో పగిలేది. నాకు ఆయన భాష రాదుగా, మోటారు చూపించి, చెంప కింద చెయ్యి పెట్టి, నిద్ర పట్టట్లేదని సైగ చేసేవాడు."

పక్కింటి గోడలు ఇంకా లేపుతున్నారు. అక్కడ ఎవరూ ఉండరు.

"తడి బనీనుతో వణికిపోతుంటే జాలేసి నా శాలువా ఇచ్చాను. గుమ్మం దాకా వచ్చిన మనిషిని ఊరికే ఎలా పంపుతాం? లోపలికొచ్చి టీ తాగమని పిలిచాను. తర్వాత వస్తానన్నట్టు తలూపాడు పాపం."

"తప్పయిపోయింది అత్తయ్యగారూ." నాకు ఏడుపొచ్చేసింది. "మీరు వచ్చెయ్యండి... ఇప్పుడే బయల్దేరండి."

"అలాగే బాబూ. అందాకా మోటారు మాత్రం ఆగనివ్వకండి."

వంటింట్లోకి వెళ్ళాను. టీ గిన్నె ఖాళీగా ఉంది. కుర్చీ మీద అత్తగారి శాలువా, నీళ్ళు కారుతూ. అక్కడి నుంచి తడి అడుగులు మా పడగ్గది వైపు వెళ్ళాయి. బయట మోటారు ఆగే ఉంది. ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, పడగ్గదిలోంచి, హాయిగా... గురక.