హ్యూలర్ తాత పనిశాల

మంచు పడే సాయంత్రాల్లో మా ఊళ్లో ఎవరూ హ్యూలర్ తాత పనిశాల ముందునుంచి పోరు. చుట్టు తిరిగైనా చర్చి దారినే పోతారు. తాత పోయాక మూడేళ్లుగా ఆ ఇంటి తాళం తీసినవాళ్లు లేరు. అయినా లోపల క్లారినెట్ మోగుతుంది... ఒకటే స్వరం, సాగదీసి, ఏడ్చినట్టు.

ఇది గెర్లిండె నాకు చెప్పిన సంగతి. ఆమె హ్యూలర్ తాత దగ్గరే వాయిద్యాలు బాగుచేసే పని నేర్చింది. క్లారినెట్ చీలితే, చీలికకు అడ్డంగా సన్నటి ఉక్కు మరలు బిగించి, నల్లచెక్క పొడి కలిపిన జిగురు నింపేవాడాయన. గీత కూడా కనబడేది కాదు.

ఓసారి గెర్లిండె తొందరపడి, మరలు వేయకుండా చీలికను మైనంతో కప్పేసి ఇచ్చేసింది. కచేరీ మధ్యలో అది విచ్చుకుంది. వాయిస్తున్న పిల్ల నవ్వులపాలైంది.

"చెక్కను మోసం చేశావు. నా గడప తొక్కకు," అన్నాడు తాత.

పౌరుషంతో వెళ్లిపోయింది. ఆయన చావుకూ రాలేదు.

మొన్న జనవరిలో ఇల్లు అమ్ముతున్నారని తెలిసి, తాత పనిముట్లయినా దక్కుతాయని వచ్చింది. తాత కూతురు ఆంతియె తాళంచెవి ఇస్తూ, "నేను మాత్రం లోపలికి రానక్కా... త్వరగా వచ్చెయ్," అంది గొంతు తగ్గించి.

నాలుగున్నరకే చీకటి. గెర్లిండె లోపల అడుగు పెట్టిందో లేదో—

ఊఁ...

గుమ్మంలోనే ఆగింది. "తాతా..." అంది.

మళ్లీ అదే స్వరం... కిటికీ వైపునుంచి.

టార్చి వేసింది. పగిలిన అద్దం పక్కన, తీగకు వేలాడుతూ క్లారినెట్ పైముక్క! గాలి తగిలినప్పుడల్లా మోగుతోంది.

"ఓస్, ఇంతేనా!"

నవ్వుకుంటూ దాన్ని తిప్పి చూసింది. నవ్వు ఆగిపోయింది. అది తను మైనం పూసిన క్లారినెట్టే! మైనమంతా గీకేసి ఉంది. నాలుగు మరలు బిగించి ఉన్నాయి. ఐదోదానికి రంధ్రం మాత్రం తొలిచి ఉంది.

వేలితో తడిమింది. వేలికి నల్లగా అంటుకుంది... జిగురు. పచ్చిగా.

పారిపోవాలనిపించిందట. పారిపోలేదు. సొరుగులో వెతికి మర తీసింది. ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో స్క్రూడ్రైవర్ పట్టుకుని, ఏడుస్తూ ఐదోది బిగించేసింది.

"భయం వేయలేదూ?" అన్నాను.

"వేసింది," అంది గెర్లిండె గుసగుసగా. "కానీ... నేను బిగిస్తున్నంతసేపూ క్లారినెట్ కదలకుండా ఎవరో పట్టుకున్నారు."