ఎడమ రికాబు

చెల్లెలు పోయి మూడు రోజులైంది. అన్న ఇంకా ఏడవలేదు. డిటెక్టివ్ ఆఫీసులో కుర్చీ అంచున కూర్చుని, పక్కింటివాళ్ల సంగతేదో చెబుతున్నట్టు చెప్పుకుపోయాడు.

"గుర్రపుస్వారీ నేర్చుకుంటానంది, సరేనన్నాను. వారానికి మూడు క్లాసులు. నేనే దింపి, అయ్యేదాకా అక్కడే కూర్చునేవాణ్ణి. సోమవారం గుర్రం బెదిరింది. కిందపడింది. ఎడమకాలు రికాబులో, అదే పాదం పెట్టే ఇనుపకడియంలో, ఇరుక్కుపోయింది. కంచెదాకా ఈడ్చుకెళ్లింది."

అతను ఫ్యాక్టరీలో ఫిట్టరు. మాట్లాడుతూనే జేబులోంచి నాణెం తీసి, కుర్చీ చేతికున్న వదులైన మరమేకును బిగిస్తున్నాడు. ఆ సంగతి అతనికే తెలిసినట్టు లేదు.

"ఎవరిమీద అనుమానం?" అడిగాడు డిటెక్టివ్. ఊరంతా ఆయన్ని భూతద్దం అంటారు గానీ, ఆయన చేతిలో భూతద్దాన్ని ఎవరూ చూసిన పాపాన పోలేదు.

"అనుమానమేంటి సార్? ఆ గుర్రాలు చూసుకునే ముసలాడే. కిందటివారం ఎడమ రికాబు పట్టీతో సహా ఊడొచ్చింది. అడిగితే 'అదంతే బాబూ' అని నవ్వాడు. వాడు జైలుకెళ్లాలి. ఫిర్యాదు ఇచ్చాను, పోలీసులు రుజువు కావాలంటున్నారు."

పక్కనే టైపిస్టు అన్నీ రాసుకుంది. భూతద్దం దగ్గినా రాసుకునే రకం ఆమె.

సాయంత్రం భూతద్దం, టైపిస్టు స్వారీబడికి వెళ్లారు. ముసలాయన గుర్రాన్ని తోముతున్నాడు. నెలాఖరుకల్లా పని మానుకోమని యజమానురాలు అప్పటికే చెప్పేసింది. ముప్పై ఏళ్లుగా ఆయనకు వేరే పని లేదు, వేరే ఇల్లూ లేదు.

"ఆ అమ్మాయికి నేర్పినట్టే నాకూ నేర్పండి. ఆ జీనే వెయ్యండి," అన్నాడు భూతద్దం.

"ఎడమవైపు నిలబడండి. ఎడమచేత్తో కళ్లెం, జూలు కలిపి పట్టుకోండి. ఎడమపాదం రికాబులో పెట్టండి. ముందుభాగమే, మడమదాకా దూర్చకండి. ఇప్పుడు లేచి, కుడికాలు అటు తిప్పి, మెల్లగా కూర్చోండి. ధబేలున కూలబడితే దాని నడుం పోతుంది."

మూడోసారికి భూతద్దం ఎక్కగలిగాడు. టైపిస్టు చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది.

దిగాక ఆయన కుడి రికాబు పట్టీని వెనక్కి లాగాడు. ఊడి చేతికొచ్చింది. ఎడమది ఎంత లాగినా రాలేదు. జీను రెక్క ఎత్తి చూశాడు. పట్టీని తగిలించే ఇనుపకడ్డీ చివర చిన్న కొక్కెం పైకి లేచి ఉంది. దాని కీలుమీద కొత్త సుత్తిదెబ్బలు, మెషినాయిలు మెరుపు.

"నూనె మీరు పెట్టారా?"

"లేదండీ. తోలుకు మైనం రాస్తాను, ఇనుము తుడుస్తాను, అంతే." కొక్కేన్ని చూసి ముసలాయన ముఖం పాలిపోయింది.

మర్నాడు ఉదయం జీనుల గదిలో అందరినీ కూర్చోబెట్టాడు భూతద్దం. యజమానురాలు, ముసలాయన, ఫిట్టరు.

"ఈ కొక్కెం ఎప్పుడూ కిందికి వాలి ఉండాలి. మనిషి పడి పాదం ఇరుక్కుంటే, పట్టీ జారి ఊడిపోవడానికే ఆ ఏర్పాటు. దీన్ని పైకి లేపి బిగగొట్టినవాళ్లకు గుర్రాల సంగతి తెలియదు, ఇనుము సంగతి బాగా తెలుసు. కుడిదాని జోలికి పోలేదు, ఎందుకంటే కిందటివారం ఊడింది ఎడమదే. పగలు ఈ గదికి తాళం వెయ్యరు." ఆయన ఫిట్టరు వైపు తిరిగాడు. "మా ఆఫీసు కుర్చీ కూడా మీరు బాగుచేసే వెళ్లారు."

"మళ్లీ ఊడకూడదని బిగించాను," అన్నాడతను, గొంతు మారకుండానే. "బిగించకపోతే?"

"పడేది. దెబ్బలు తగిలేవి."

"లేచేదా?"

"లేచేది."

ఒక్క అబద్ధం చెబితే ఏం పోయేదని టైపిస్టుకు భూతద్దం మీద మొదటిసారి కోపం వచ్చింది.

ముసలాయన ముందుకొచ్చాడు. "రోజూ ఎక్కించేముందు చెయ్యిపెట్టి చూసేవాణ్ణి బాబూ. ఆరోజు చూడలేదు. తప్పు నాది కూడా."

"వద్దు పెద్దాయనా. ఇందులో మీకు వాటా లేదు." ఫిట్టరు టైపిస్టును కాగితం అడిగాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని, కొక్కెం తనే బిగించానని రాసి సంతకం పెట్టాడు. తేదీ వెయ్యబోతూ, ఇవాళ ఏం వారమని అడిగాడు.

"శుక్రవారం," అంది టైపిస్టు.

"ఇవాళ చెల్లికి క్లాసుంది," అన్నాడు.