అంబులెన్సుకు ఎనిమిది టైర్లు

"నాలుగు చక్రాల బండికి రెండు టైర్లు సాంక్షన్ చేసినరు. మిగిలిన రెండు చక్రాలు ఎవరు మోయాలె మేడం?"

తొర్రూరు దిక్కునున్న ఓ చిన్న మున్సిపాలిటీ అది. అకౌంట్స్ సెక్షన్‌లో తేజస్విని తలెత్తి చూసింది. ఎదురుగా మున్సిపల్ అంబులెన్సు డ్రైవర్ జీవన్. ఒళ్లంతా వానకు తడిసింది, కోపం మాత్రం పొడిగానే ఉంది.

"నువ్వెన్ని అడిగినవ్?"

"నాలుగు."

"నాలుగు కావాల్నంటే నాలుగే అడుగుతరా ఎవరన్న?"

ఆ ఆఫీసు ఆచారం అలాంటిది. బడ్జెట్ వేళకు ప్రతి సెక్షనూ కావలసినదానికి రెండింతలు రాస్తుంది. చైర్మన్ జగపతి చదవకుండానే సగం కొట్టేస్తాడు. అడిగినవాళ్లకు పని జరుగుతుంది, కొట్టేసినాయనకు పొదుపరి అన్న పేరొస్తుంది. పార్కు సెక్షన్ రెండు ఫౌంటెన్లు అడిగి ఒకటి తెచ్చుకుంది. ఊళ్లో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, అది వేరే సంగతి.

"అబద్ధం రాసుడు నాతోని కాదు," అన్నాడు జీవన్.

"అయితే రెండు టైర్ల మీదనే తోలు. సర్కసోళ్లు చూస్తే మంచి జీతమిస్తరు."

అతనికి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. "మొన్న కొడకండ్ల రోడ్డు మీద అరిగిన టైర్లకు బండి జారి పొలంల దిగింది. లోపల నిండు నెలల మనిషి. ఇంకో పెద్ద వానొస్తే ఏమైతదో నాకే తెల్వది."

అతను మెట్లు దిగేదాకా తేజస్విని చూస్తూ ఉండిపోయింది. ఆఫీసులో మగవాళ్లందర్నీ అన్నా అని పిలిచే పిల్ల, ఇతని దగ్గర మాత్రం ఆ మాటను మింగేస్తోందని స్వీపర్ ఓదెమ్మ ఎప్పుడో పసిగట్టింది.

"ఏం చూస్తున్నవ్ బిడ్డా?"

"టైర్లు."

"టైర్లు బయట బండికున్నయి. నువ్వు మెట్ల దిక్కు చూస్తున్నవ్."

ఆ సాయంత్రమే సవరణ బడ్జెట్‌లో తేజస్విని 'ఎనిమిది టైర్లు' అని తనే రాసి పంపింది. సగం పోతే నాలుగు మిగులుతాయి కదా.

కానీ ఎన్నికలు దగ్గరికొచ్చాయి. అంబులెన్సు మీద చెయ్యి వేస్తే జనం ఉతికి ఆరేస్తారని జగపతికి ఎవరో చెవిలో ఊదారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన పెన్ను దేన్నీ కొట్టెయ్యలేదు. ఎనిమిదీ దిగాయి. నాలుగు బండికెక్కాయి. నాలుగు గోడవారగా దొంతరగా నిలబడి వచ్చేపోయేవాళ్లను పలకరిస్తున్నాయి.

టైర్లకూ ప్రారంభోత్సవమే. బండి ముందు రిబ్బను కట్టారు, కొబ్బరికాయ తెచ్చారు, ఫొటోగ్రాఫర్‌ను పిలిచారు. కత్తెర అందుకుంటూ జగపతి ఆ దొంతర చూశాడు.

"గివేంది? ఒక్క బండికి ఎనిమిదా? ఎవరు రాసిండ్రు గిది? ఆళ్ల ఉద్యోగం ఉండది."

తేజస్విని నోరు తెరవబోయింది. ఇంతలో జీవన్ ముందుకొచ్చాడు.

"నేనే రాసిన సార్."

అబద్ధం అలవాటు లేని మొహం. చెవుల దాకా ఎర్రబడింది.

"కాదు సార్, నేను రాసిన," అంది తేజస్విని.

"ఆమెకేం తెల్వది సార్."

"ఆయనకు రాసుడే రాదు సార్."

"ఇద్దరు రాస్తే పదహారు రావాలె గద," అన్నాడు జగపతి, జోకు వేశానని తెలియకుండానే.

ఓదెమ్మ చీపురు పక్కన పెట్టింది. "మిగిలిన నాలుగు మన శవాల బండికెక్కియ్యుండ్రి సారూ, గదీ గిసుంటి బండే. పోయినోళ్ల ఓట్లు గూడ మనకే పడుతున్నయి గద, ఆళ్లకు గింత చెయ్యొద్దా?"

జగపతికి మాట గుచ్చుకుందో లేదో గానీ ఐడియా నచ్చింది. "ఆ బండి దగ్గర గూడ ఒక ఫొటో దియ్యి," అన్నాడు ఫొటోగ్రాఫర్‌తో.

అప్పుడే జీవన్ ఫోన్ మోగింది. పక్క తండాలో మోతీబాయి అనే ఆమెకు నొప్పులు మొదలయ్యాయట. అతను ఎగిరి సీట్లో కూర్చున్నాడు. వాన దంచుతోంది. తేజస్విని బండి కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

"నా కోసం అబద్ధమెందుకాడినవ్?"

"నీ ఉద్యోగం పోతే నేనీ ఆఫీసుకు ఎవరి కోసం రావాలె?"

"గిదన్న నిజమేనా?"

"నాకు అబద్ధం ఎంత మంచిగొస్తదో ఇప్పుడే చూసినవ్ గద."

ఆమె వాననీళ్లు తుడుచుకుంటున్నట్టు మొహం దాచుకుంది. "సాయంత్రం మా ఇంటికి రా. మా బాపు ఉంటడు, అడుగు. ముందుగాల ఆమెను దవాఖానకు చేర్చు, పో."

సైరన్ మోగింది. రిబ్బను తెంపుకుని బండి దూసుకుపోయింది. జగపతి కత్తెర పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

ముందు బురద మలుపు ఉంది. తేజస్విని వానలోనే నిలబడి చూసింది.

బండి జారలేదు.