వీబ్కెకు దొరికిన గది

ఎల్బే నది ఒడ్డున ఉన్న ఆ చిన్న జర్మన్ పట్నంలో జీవితమంతా ఊరివాళ్ల బట్టలు ఉతికి, చేతివేళ్లు ఎర్రగా వాచిపోయాక వీబ్కెకు వితంతుగృహంలో ఒక గది దొరికింది. ఎప్పుడో తాతల కాలంలో ఒక ఉప్పు వ్యాపారి భార్య, మొగుడు పోయిన పేదరాళ్ల కోసం కట్టించిన ఇల్లది. ఒకరు పోతేనే ఇంకొకరికి చోటు. అందుకని బయట ఎదురుచూసేవాళ్లు లోపలివాళ్ల దగ్గును శ్రద్ధగా వింటూ ఉండేవారు. వీబ్కె కూడా ఏళ్లకేళ్లు విన్నది. తప్పేముంది, చలికాలంలో ఎవరి గోల వారిది.

నియమం ఒక్కటే. ఒక్క రాత్రి బయట పడుకున్నా గది పోతుంది. వీబ్కెకు ఎక్కడికీ పోవాలని లేదు. ఆమెకు కావలసింది నిద్ర. ఒళ్లు మరిచిపోయే నిద్ర.

అదే దొరకలేదు. పొద్దుండగానే చీకటి కమ్మే రోజులవి. గంజి తాగి, దీపం ఆర్పి పడుకోగానే గదిలో సోంపు కషాయం వాసన వచ్చేది... వెనకే ఊపిరి. నీరసంగా, సన్నగా ఈల వేస్తున్నట్టు. తన ఊపిరి బిగబట్టినా అది ఆగేది కాదు. మొదట ఎలుక అనుకుంది. తర్వాత పొగగొట్టంలో గాలి అనుకుంది. ఆ తర్వాత అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. కళ్లు గుంటలు పడ్డాయి. భయం కన్నా విసుగే ఎక్కువ వేసింది.

పక్కగది టోమ్కెను అడిగింది. టోమ్కె నోటి దురుసు మనిషి, అయినా ఆ రోజు గొంతు తగ్గించి చెప్పింది. ఇంతకుముందు ఆ గదిలో ఉన్న ఆల్హైట్ ముసలమ్మ, రోజూ సోంపు కషాయం తాగుతూనే, ఉబ్బసంతో పోయింది. మనిషి పోగానే కిటికీ తెరవాలి, ప్రాణం బయటికి వెళ్లడానికి. ఆ సంగతి ఊళ్లో పసిపిల్లలకూ తెలుసు.

"తెరవలేదా?" అంది వీబ్కె.

"గాలి రాకుండా కిటికీ సందులన్నీ కాగితాలంటించి మూసుకున్నాం కదక్కా. అదంతా ఊడబీకి, మళ్లీ జిగురు కాచి... ఎవరు చేస్తారు? పోయినావిడ ఏమన్నా అడిగిందా?"

ఆ సాయంత్రమే వీబ్కె వంటింటి కత్తి తెచ్చి కాగితాలు చీల్చేసింది. కిటికీ బార్లా తెరిచింది. మంచు లోపలికి కొట్టింది. దీపం ఆరిపోయింది.

"వెళ్లమ్మా," అంది మర్యాదగానే. "నీ దారిన నువ్వు వెళ్లు. నన్ను పడుకోనీ."

ఊపిరి ఆగింది.

చాలాసేపు ఏ చప్పుడూ లేదు. వీబ్కె పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఇక నిద్రపోవచ్చు అనుకునేసరికి ఆమెకు ఏడుపొచ్చింది. అప్పుడు మంచం మీంచి ఎవరో గుసగుసలాడారు.

"మూసెయ్యి తల్లీ. చలేస్తోంది."

వీబ్కె కిటికీ రెక్కను గట్టిగా పట్టుకుంది.

"నేనూ ఈ గది కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసినదాన్నే..."

వీబ్కె తలుపు వైపు చూసింది. అది దాటితే ప్రాణం దక్కుతుందేమో. గది దక్కదు. బయట మంచు. ఆ మంచు అవతల రేవు, ఉతుకుబండ. ఆమె అలిసిపోయింది. అంత భయంలోనూ అలసటే గెలిచింది. కిటికీ మూసి, తడుముకుంటూ వచ్చి, అటు చూడకుండా మంచం అంచున ఒత్తిగిలి పడుకుంది.

వీపుకు ఎముకలు తగిలాయి. సన్నటివి, చల్లటివి.

"కాస్త జరుగు," అంది కళ్లు తెరవకుండానే.

జరిగాయి. మంచం కిర్రుమంది.

"మీరూ కాస్త జరగండమ్మా," అంది ఆల్హైట్ గొంతు. తనతో కాదు... అవతలివాళ్లతో.

ఆ అవతల ఇంకో గొంతు, ఇంకా ముసలిది, ఆ పక్కవాళ్లకు అదే మాట చెప్పింది. దాని అవతల మరొకటి...

గోడ ఎక్కడుందో చూద్దామని వీబ్కె చెయ్యి వెనక్కి చాచింది. ముందు నార చొక్కా తగిలింది. దాని వెనక ముతక ఉన్ని. ఆ వెనక, ఇప్పుడు ఎవరూ నెయ్యని నేత ఏదో. ఇంకా చాచింది.

గోడ తగల్లేదు.